తాగలేదన్న సత్తెమ్మ

2011. తెలంగాణ కోసం రోడ్లు స్తంభించిన రోజులు. ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో లివర్ డాక్టరుగా పనిచేస్తున్నాను. బంద్ నాటి మధ్యాహ్నం, జెండాలు భుజాన వేసుకున్న యువకులు ఒక మనిషిని చేతుల మీద మోసుకొచ్చారు. చౌరస్తాలో అతని ఆటో ఆగిపోతే రాస్తారోకో విడిచి వచ్చారట.

అతను బాలాపూర్ యాదగిరి. సిరోసిస్, అంటే కాలేయం గట్టిపడిపోయే జబ్బు. పొట్ట నిండా నీరు. నన్ను చూసి ఏదో గొణిగాడు, మాట ముద్దగా ఉంది.

"మల్లా తాగిండు మేడం. సెలైన్ పెట్టి పంపుండ్రి," అన్నాడు తమ్ముడు మల్లేశం.

"తాగలే మేడం! ఏడాదాయె ముట్టక. నేనుండంగ ఎట్ల తాగుతడు?" భార్య సత్తెమ్మ అడ్డుపడింది.

"యాదగిరిగారూ, చేతులు చాపండి," అన్నాను. చాపాడు గానీ, మణికట్లు నిలవలేదు. పక్షి రెక్కల్లా కొట్టుకున్నాయి. అది మత్తు కాదు. పాడైన కాలేయం వడకట్టలేని విషాలు మెదడుకెక్కితే వచ్చే హెపాటిక్ ఎన్‌సెఫలోపతి.

"విరేచనం అయిందా అమ్మా?"

"రెండు మూడు దినాలాయె కాలే. ఆ తియ్యటి సిరప్ అయిపోయింది. దుకాణాలన్ని బంద్. నిన్నటి సంది ఒళ్లు గూడ కాలుతుంది."

పొట్టలోంచి కొద్దిగా నీరు తీయించి పరీక్షకు పంపాను. ఇన్ఫెక్షన్ ఉంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. ముక్కు గొట్టం ద్వారా లాక్టులోజ్ ఎక్కించాం. సత్తెమ్మ చెప్పిన తియ్యటి సిరప్ అదే; విరేచనం చేయించి విషాన్ని బయటికి పంపుతుంది. సాయంత్రానికి యాదగిరి పిలిచినా పలకలేదు.

మల్లేశం నీళ్లు నిండిన కళ్లతో, "ఇగ లాభం లేదు వదినా, ఇంటికి తీస్కపోదాం," అన్నాడు.

"ఊపిరి ఆడుతుంటె ఎట్ల తీస్కపోత? నువ్వు పో. నేనుంట." ఆమె కొంగు బిగించింది. బస్సుల్లేక ఆయాలు సగం మంది రాలేదు. విరేచనాలతో దుప్పట్లు తడిసినప్పుడల్లా సత్తెమ్మే మార్చింది. ఇలా అయితేనే విషం బయటికి పోతుందని చెబితే, "అయితె ఇంకా తడవనీ," అంది.

మర్నాడు మధ్యాహ్నం యాదగిరి కళ్లు తెరిచాడు. "సత్తీ, జర నీళ్లియ్యవే," అన్నాడు. ఆమె గ్లాసు పట్టుకుని, మొదటిసారి ఏడ్చింది.

డిశ్చార్జి రోజు మల్లేశం తలవంచుకున్నాడు. "తాగిండనే అనుకున్న వదినా."

"అనుకుంటే అనుకున్నవ్ తియ్. సిరప్ మాత్రం అయిపోకముందే తెచ్చియ్యి."

అప్పటి నుంచి సిరోసిస్ ఉన్న మనిషి తడబడుతూ వస్తే, తాగాడా అన్న ప్రశ్నతోనే ఆగిపోను. జ్వరమా, రక్తస్రావమా, మలబద్ధకమా అని వెతుకుతాను. అన్నిటికన్నా ముందు, ఆ మనిషితో ఒకే ఇంట్లో బతుకుతున్నవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల మాట చివరిదాకా వింటాను.