రంగు మేస్త్రీ అర్జీ

నూలుకు రంగులద్దే ఆ కార్ఖానాలో ఆయన ముప్పై నాలుగేళ్లుగా మేస్త్రీ. బేరగాళ్లు గుడ్డముక్క పంపితే ఉత్తరపు కిటికీ దగ్గర పట్టుకుని చూస్తాడు. ఏ రంగు ఎంత కలపాలో చెబుతాడు. ఆ పాళ్లతో కొంచెం నూలు చుట్టిన చిలప ఒకటి అద్ది, ఆరబెట్టి, గుడ్డముక్క పక్కన పెట్టి సరిచూస్తారు. ఎర్రబట్టలు వేసుకున్నవాళ్లను ఆయన ఆ దరిదాపుల్లో నిలబడనివ్వడు. వాళ్ల ఎరుపు వచ్చి నూలు మీద పడుతుందంటాడు.

ఆ వేసవిలో యజమాని రంగు కొలిచే యంత్రం తెప్పిస్తానన్నాడు. గుడ్డముక్క మీద ఆనిస్తే పాళ్లు అదే చెబుతుందట. పనివాళ్లు భోజనాల బల్ల మీద అర్జీ రాశారు. ‘మేస్త్రీ కన్ను ఉండగా మాకు యంత్రం అక్కర్లేదు’ అన్నది అందులో మొదటి వాక్యం. ఆయన సంతకం పెట్టాడు. ఆయన్ను చూసి మరో పదిహేడుమంది పెట్టారు. సోమవారం ఇవ్వాలి.

ఆయన మరదలు అక్కడే మరొకామెతో కలిసి నమూనా చిలపలు అద్దుతుంది. శనివారం వచ్చి పక్కన కూర్చుంది.

“బావా, నీ మేజోళ్లు చూసుకున్నావా?”

“ఏం, చిరిగాయా?”

“ఒకటి నలుపు. ఒకటి ముదురు నీలం.”

“మీ అక్క తీసిచ్చింది.”

“తొయ్యి, మా అక్క మీదికే తొయ్యి. పెళ్లయినప్పట్నించీ అదేగా నీ వరస.” నవ్వింది. అంతలోనే గొంతు తగ్గించింది. “ఈమధ్య బేరగాళ్లు వెనక్కి పంపిన మూడు సరుకులూ నీలాలే బావా. మిగతా నీలాలు నీకు చెప్పకుండా నేనే సరిచేశాను.”

ఆయన తన మేజోళ్ల వంక చూసుకున్నాడు. కంట్లో శుక్లాలున్నాయని, నీలాల్లో తేడాలు సరిగా తెలియవని వైద్యుడు ఆరు నెలల కిందటే చెప్పాడు. ఆపరేషన్ చేయించుకుంటే పదిమందికీ తెలుస్తుంది. వైద్యుడు రాసిచ్చిన చీటీ ఇంట్లో కూడా చూపించలేదు.

ఆయన తండ్రిదీ ఇదే పని. తొట్టిలో వేడి చేత్తో చూసేవాడు. కొడుకు ఇరవయ్యో ఏట థర్మామీటర్ కొనుక్కొస్తే, “గాజుపుల్ల చెబితేగానీ నీకు వేడి తెలీదట్రా?” అని నేలకేసి కొట్టాడు. పదకొండు రోజులు పలకలేదు. అది మొండితనమని కొడుకు ఇన్నేళ్లూ అనుకున్నాడు. మరదలు లేచి వెళ్లాక ఆయనకు ఇంకొకటి గుర్తుకొచ్చింది. తండ్రి మరుగుతున్న గిన్నెను పొయ్యి మీంచి గుడ్డ లేకుండా దించేవాడు. ఆ చేతికి వేడి తెలియడం ఎప్పుడో పోయి ఉంటుంది.

సోమవారం పొద్దున్నే ఆయన అందరి ముందూ అర్జీ తీసి మొదటి వాక్యం కొట్టేశాడు.

“నా కన్ను పాడైంది. నీలం తెలియట్లేదు. నా తప్పులు మా మరదలు దిద్దుతోంది.”

బాయిలర్ పనివాడు మండిపడ్డాడు. “మీ కన్ను చూసేగా మేం సంతకాలు పెట్టింది! ఇప్పుడు మమ్మల్ని నట్టేట్లో వదిలేస్తారా?”

“నా భయం పేరు పోతుందని. మీ భయం పని పోతుందని. రెండూ కలిపి రాశాం. మీది రాసుకోండి.”

“ఏం రాయమంటారు?”

మరదలు అందుకుంది. “యంత్రం ఏం చెప్పినా చిలప అద్ది చూడాల్సిందే. అద్దే ఇద్దర్నీ, ఇంకెవర్నీ తియ్యకూడదని రాయండి. నన్ను తీస్తే మా బావ మేజోళ్లు ఎవరు చూస్తారు?”

ఎవరో నవ్వారు. బాయిలర్ పనివాడు నవ్వలేదు. కానీ కాగితం తనవైపు లాక్కుని రాయడం మొదలుపెట్టాడు.

యజమాని కొత్త అర్జీ రెండుసార్లు చదివి, ఆలోచించుకుని చెబుతానన్నాడు. మధ్యాహ్నం ఒక గుడ్డముక్క వచ్చింది. నీలమే. మేస్త్రీ దాన్ని మరదలి చేతికిచ్చి, ఆమె చెప్పే పాళ్లు రాసుకోవడానికి కలం మూత తీశాడు.