నోటితో కొట్టిన శుభలేఖలు

కుడి మణికట్టు నరం దెబ్బతిన్నదని, కొన్నాళ్లు కీబోర్డు ముట్టుకోవద్దని ఆత్మకూరు డాక్టరు చెప్పాడు. ఆయనకేం, చెప్పి పంపేశాడు. ఉదయగిరిలో ఇంట్లో కూర్చుని ఆత్మకూరు ప్రెస్సుకి శుభలేఖలు టైపు కొట్టి పంపడమే నా బతుకు. ప్రెస్సు ఓనరుకి ఫోను చేసి గోడు చెప్పుకుంటే నవ్వాడు.

“దానికేందక్కా, ఇప్పుడంతా నోటితోనే. మైకు బొమ్మ నొక్కి చెప్పు, అదే కొట్టుకుంటాది.”

ఆ చెప్పడంతోనే వచ్చింది చిక్కు. మా ఆయన పోయాక ఇంట్లో నాకు నోరు తెరిచే పనే లేదు. కూరగాయల బండి దగ్గర “అరకేజీ వంకాయలు” అంటే ఆ రోజుకి మాటలు అయిపోయినట్టే. పక్క పోర్షన్‌లో సీతారామపురం నుంచి వచ్చిన గొర్రెల కాపరుల కుటుంబం ఉంది. రెండిళ్లకీ గోడ ఒకటే. అయినా ఆ ఇంటామె నా గడప తొక్కి ఎరగదు. కోపమేం కాదు, పని లేదు, అంతే. ఎవరైనా ఒకరు వచ్చి కాసేపు కూర్చుంటే బాగుండునని రోజూ అనుకునేదాన్ని.

మొదటి రోజు మైకు నొక్కి “శుభలేఖ” అన్నాను. గొంతు బొంగురుపోయి నాకే వినపడలేదు, ఇక కంప్యూటరుకేం వినపడుతుంది! దగ్గి, గొంతు సవరించుకుని గట్టిగా అందుకున్నాను. తెర మీద అక్షరాలు గబగబా పడుతుంటే భలే సంబరమేసింది, అబద్ధమెందుకు. నేను కాసేపు ఆగితే మైకు దానంతటదే ఆగిపోయేది. నీక్కూడా ఓపిక లేదా అని తిట్టి మళ్లీ నొక్కేదాన్ని. జలదంకిలో ఒక పెళ్లి, చేజర్లలో ఒక గృహప్రవేశం. “తామెల్లరు సకుటుంబంగా విచ్చేసి, మా ఆతిథ్యం స్వీకరించి...” అంటూ సాయంత్రం దాకా లోకాన్నంతా ఎవరెవరి ఇళ్లకో పిలిచాను.

పొద్దు వాలుతుండగా తలుపు చప్పుడైంది. పక్కింటామె. చేతిలో చెంబు నిండా బర్రె పాలు.

“చుట్టాలొచ్చినారు గదక్కా. పొద్దుట్నించీ అందుర్నీ పిలస్తానే ఉండావు. కాఫీకి పాలు చాలవేమోనని తెచ్చినా.” మెడ సాచి లోపలికి చూసింది. “ఏరీ, ఎవురూ లేరే?”

“చుట్టాలా, నా మొహమా! పెండ్లికార్డులు కంప్యూటరుకి చెప్తా ఉండాను. రా, కూర్చో.”

“ఓయమ్మో! నేనింకా ఇంటినిండా జనం అనుకుంటినే!”

కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె మాత్రం కూర్చోలేదు. వంటింట్లోకి వెళ్లి ఒక గ్లాసులో పాలు పోసి, “నీ ఒక్కదానికి ఇది చాలు గదా” అని మిగిలిన పాలతో వెళ్లిపోయింది. ఆమె తప్పేముంది, ఇంట్లో పిల్లలున్నారు. అయినా ఆ గ్లాసు చూస్తే ఏడుపొచ్చింది.

మర్నాడు కుర్చీని గోడ పక్కకి జరుపుకుని ఇంకా గట్టిగా చెప్పాను. తామెల్లరు విచ్చేసి, తామెల్లరు విచ్చేసి. గోడ అవతల ఆమె పిల్లలకి చెప్తోంది. “ఎవురూ రాలేదులేరా, ఆయమ్మ కంప్యూటరుతో మాట్లాడతా ఉండాది.”

బుద్ధి లేక నిజం చెప్పాను. చుట్టాలు బజారుకి పోయినారు, ఇప్పుడే వస్తారు, కూర్చో అని ఉంటే కాసేపు కూర్చునేది.