పసుపు కార్డు చూపాల్సిన చోట

నాలుగేళ్ల కిందట అనంతపురంలో జరిగిన జిల్లా ఎంపిక పోటీల్లో, పసుపు కార్డు చూపాల్సిన చోట నేను ఎర్ర కార్డు చూపించాను. అది తెలియక చేసిన తప్పు. తర్వాత అరగంటలో తెలిసి చేసింది అంతకన్నా హీనం.

నేను ఉరవకొండ దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని. పోటీలకు స్టార్టర్‌గా పోతుంటాను, అంటే పరుగు మొదలుపెట్టే తుపాకీ పేల్చేవాణ్ణి. పద్దెనిమిదేళ్ల అనుభవం మీద ధీమాతో రూల్ బుక్ తెరవడం ఎప్పుడో మానేశాను.

ఆ రోజు అమ్మాయిల హెప్టాథ్లాన్. రెండు రోజుల్లో ఒక్కొక్కరూ ఏడు ఆటలు ఆడాలి, అన్నిటి పాయింట్లూ కలుపుతారు. రాష్ట్ర పోటీకి జిల్లా నుంచి వెళ్లేది ఒక్కరే. అందరూ బత్తలపల్లె షబానా పేరే చెప్పుకుంటున్నారు. వాళ్ల నాయన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. జూనియర్ల వయసు లెక్కన ఆ అమ్మాయికి అదే ఆఖరి ఏడాది.

ఆమె కోచ్ ఇవానా చెక్ దేశస్థురాలు. తొమ్మిదేళ్లు తన దేశం తరఫున ఇదే హెప్టాథ్లాన్ ఆడింది. మోకాలు చెడిపోయాక ఇక్కడికొచ్చి పల్లెటూరి ఆడపిల్లలకు నేర్పిస్తోంది. తెలుగు ఆ పిల్లల దగ్గర నేర్చుకున్నదే.

మొదటి ఆట హర్డిల్స్. నేను "సెట్" అన్నాక, తుపాకీ పేలకముందే షబానా కదిలింది. మామూలు పరుగుల్లో ఇలాంటి ఫాల్స్ స్టార్ట్‌కు మొదటిసారే బయటికి పంపుతాం. అలవాటుగా ఎర్ర కార్డు ఎత్తాను.

ఇవానా కుంటుకుంటూ వచ్చింది. "ఏమప్పా, ఇది ఏడు ఆటలు కదా! మొదటి తప్పుకు పసుపు కార్డు."

"మీ దేశంలో ఉంటుందేమో మేడమ్, ఈడ లేదు" అన్నాను. పక్కనున్న మాస్టర్లు నవ్వారు.

"సార్, ఒక్కసారి బుక్కు చూడండి సార్" అనింది షబానా.

"నాకే నేర్పిస్తావా? పక్కకు పో."

ఆమె లేకుండానే పరుగు జరిపించాను. ఆ ఆటలో ఆమెకు సున్నా.

తర్వాత షామియానా కింద కూర్చుని, ఎందుకో మనసొప్పక బుక్కు తీశాను. ఇవానా చెప్పిందే నిజం. ఏడు ఆటల పోటీలో మొదటి ఫాల్స్ స్టార్ట్‌కు హెచ్చరిక మాత్రమే. అప్పీలుకు ఇంకా పది నిమిషాల గడువుంది. చెప్తే ఆ అమ్మాయిని ఒక్కదాన్నే మళ్లీ పరిగెత్తించేవాళ్లు.

అంతలో రిఫరీ ఇవానాను వెంటబెట్టుకుని వచ్చాడు. "ఏమన్నా, మేడమ్ ఏదో రూలు అంటాంది?"

బుక్కు మూసి తొడ కింద పెట్టుకున్నాను. "ఆ పిల్ల కదిలింది సార్. నా కళ్లారా చూసినా" అన్నాను. ఆయన అడిగింది అది కాదు. కానీ నా మీద నమ్మకంతో వెళ్లిపోయాడు.

షామియానా పక్కనే షబానా ఇంటికి పోతానని బ్యాగు సర్దుకుంటోంది. ఇవానా ఆమె పక్కన కూలబడింది. "నేను పెద్ద పోటీలో లాంగ్ జంప్ మూడుసార్లూ ఫౌల్ చేసినా. సున్నా. టీవీలో అమ్మ చూస్తాంది. ఏడ్చినా. మళ్లా పోయి జావెలిన్ విసిరినా, ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తినా. అందరికన్నా ఆఖరు. ఇంటికి పోతే అమ్మ ఒకటే అడిగింది, ఏడూ ఆడినావా అని."

షబానా బ్యాగు దించింది. మిగిలిన ఆరు ఆటలూ ఆడింది. మర్నాడు ఎనిమిది వందల మీటర్లకు నా ముందే గీత దగ్గర నిలబడింది. నా వైపు చూడలేదు. ఒక ఆటలో సున్నా వచ్చినా ఆమె మూడో స్థానంలో నిలిచింది. రాష్ట్రానికి ఇంకో అమ్మాయి వెళ్లింది.

రెండు నెలలు నోరు మూసుకునే ఉన్నాను. ఆ తర్వాత జిల్లా సంఘానికి జరిగిందంతా రాసిచ్చాను. "పాత సంగతి, పోనీలే సార్" అన్నారు. ఆ ఏడాది తుపాకీ ముట్టనని చెప్పి, బత్తలపల్లె బస్సెక్కాను.

అంగట్లో వాళ్ల నాయన రాగితీగ చుడుతున్నాడు. షబానా టీ తెచ్చింది. బుక్కు తొడ కింద పెట్టుకున్న సంగతి కూడా దాచకుండా చెప్పాను.

ఆయన చేతిలో తీగ ఆగింది. "తెలీక చేస్తే మనిషే అనుకుంటా సార్. తెలిసి కూడా నోరెత్తకపోతివే!"

"అప్పుడే చెప్పింటే పరిగెత్తేదాన్ని కదా సార్" అనింది షబానా.

టీ గ్లాసు కింద పెట్టి, "ఏం చేయమంటావమ్మా?" అన్నాను.

"యూనివర్సిటీ పోటీలు ఉండాయి. స్టార్ట్‌లో ఇప్పటికీ ముందే కదుల్తాండా. ఆదివారాలు అనంతపురంలో మేడమ్ గ్రౌండుకు రాండి."

అప్పటినుంచి ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు అనంతపురం పోతున్నాను. చేతిలో తుపాకీ ఉండదు, చప్పుడు చేసే రెండు చెక్కలుంటాయి. ఒక్కోసారి తొందరగా, ఒక్కోసారి బాగా ఆలస్యంగా కొడతాను, కదలకుండా ఓర్చుకోవడం అలవాటు కావాలని. బస్సు లేటయిన రోజు ఇవానా గేటు దగ్గరే "ఏమన్నా, ఎర్ర కార్డు ఇయ్యాల్నా?" అంటుంది. తల వంచుకుని పోయి, హర్డిల్స్ మోసి వరుసగా నిలబెడతాను.