రాగి బెండకాయలూ, నా ఎస్ సారూ

మీరు నవ్వనంటే చెప్తాను. ఈమధ్య నేను అన్న ఒక్క 'ఎస్ సార్' వల్ల ఒక పెద్దాయన వేట చెడిపోయేది, నా ఉద్యోగం ఊడిపోయేది. రెండూ ఎందుకు పోలేదో వినండి.

నాది ఇంట్లో కూచుని చేసే పని కదా. యూరప్‌లో ఎక్కడో ఉత్తరాన వేట సామాన్లు అమ్మే షాపు ఒకటుంది. దాని కస్టమర్లకి యాంగోన్‌లో, తామ్వే పేటలో మా మూడో అంతస్తు నుంచి నేను చాట్‌లో జవాబులిస్తాను. జన్మలో తుపాకీ పట్టుకోలేదు. బొద్దింక కనపడితే మా ఆయన్ని కేకేసే మనిషిని. కానీ అక్కడివాళ్ళకి నేను 'రీలోడింగ్ అడ్వైజర్'. పేల్చేసిన ఇత్తడి గొట్టాల్లో వాళ్ళు ఇంట్లోనే మళ్ళీ మందు నింపి, ముందు కొత్త గుండు బిగించుకుంటారు. ఏ రైఫిల్‌కి ఏ గుండు సరిపోతుందో నేను చెప్పాలి. మాంసంలో సీసం ఉండిపోతుందని ఇప్పుడు అక్కడ చాలామంది రాగి గుండ్లకి మారుతున్నారు. మారేవాళ్ళందరికీ డౌట్లే.

ఇంకో సంగతి. మా ఇంట్లో 'గుండు', 'తుపాకీ' అన్న మాటలు బంద్. కింద టీ కొట్టు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, అందులో సగం తెలుగు తెలిసిన మనవాళ్ళే. సైన్యం ఏలుతున్న ఈ రోజుల్లో యాంగోన్‌లో బాల్కనీ పక్కన కూచుని అలాంటి మాటలు ఎవరు మాట్లాడతారు? అందుకని మా మావయ్య వాటికి బెండకాయలని పేరు పెట్టేశారు. సాయంత్రం అవగానే, "ఏటమ్మా, ఈయేళ బెండకాయలు ఏపాటి అమ్మేవు?" అని అడుగుతారు.

సరే, అసలు కథ. ఎరిక్ గారని ఒక పెద్దాయన, డెబ్బై నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న ఇచ్చిన పాత రైఫిల్‌తో ప్రతి ఏడూ మూస్ వేటకి వెళ్తారు. మూస్ అంటే మన గేదె కంటే పెద్ద దుప్పి. ఈ ఏడు ఆ అడవిలో సీసం వద్దన్నారట. వేటకి ముందు కాగితం మీద కాల్చి చూపించే పరీక్ష కూడా ఉంది. అందులో తప్పితే వేట ఉండదు, ఇంట్లో కూచోవాలి.

ఆయన చాట్‌లో ఇలా రాశారు: "ఇన్నాళ్ళూ నూట ఎనభై గ్రెయిన్ల సీసం వాడాను. రాగిలో కూడా అదే బరువు తీసుకుంటాను. కరెక్టే కదా?"

నా ముందు పట్టిక ఉంది. పద్ధతి ప్రకారం రైఫిల్ గొట్టం లోపల గుండుని తిప్పే మర ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుందని అడిగాను. పన్నెండు అన్నారు. అంత నెమ్మది మరకి రాగిలో తేలిక గుండు తీసుకోవాలని పట్టికలో స్పష్టంగా రాసి ఉంది. నేను చదివాను కూడా. కానీ ఆయన పెద్దాయన, యాభై ఏళ్ళుగా వేటాడుతున్న మనిషి. ఆయన్ని పట్టుకుని కాదండీ అని ఎలా అంటాను? మనకి పుట్టుకతో వచ్చిన మొహమాటం ఒకటి, బర్మావాళ్ళ దగ్గర నేర్చుకున్న 'ఆనాడే' ఇంకొకటి. ఎదుటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని నోరు కట్టేసుకోవడమే రెండూ. నా వేళ్ళు వాటంతట అవే టైప్ చేశాయి: ఎస్ సార్, వెరీ కరెక్ట్ సార్.

వారం తిరక్కుండా ఆయన దగ్గర్నుంచి ఒక ఫోటో వచ్చింది. కాగితం మీద మూడు చిల్లులు మూడు మూలల్లో ఉన్నాయి. ఒక్కటీ గుండ్రంగా లేదు, పొడుగ్గా తాళంచెవి కన్నంలా చిరిగిపోయి ఉన్నాయి. కింద ఒకటే లైను: "శనివారం పరీక్ష. రేపు వీడియోలో మాట్లాడదామా?"

మా సూపర్‌వైజర్ మ తీరి ('మ' అంటే ఇక్కడ అక్క అన్నట్టు), ఊళ్ళోనే సంచౌంగ్ ఆఫీసులో ఉంటుంది, వీడియో కాల్స్ అన్నీ వింటుంది. చేసేది లేక ఫోటో మావయ్యకి చూపించాను. మావయ్య ముప్ఫై ఏళ్ళు ఓడలు బాగుచేసే వర్క్‌షాపులో లేత్ మీద మరలు కోశారు. తుపాకీ ఆయనా ఎరగరు.

కళ్ళజోడు పైకెత్తి చూశారు. "ఈ బెండకాయ ముందుకెళ్ళనేదమ్మా, పక్కకి పొర్లిపోనాది. మర ఎంత?"

"పన్నెండు మావయ్యా."

లోపలికెళ్ళి రాగి తీగ ముక్క ఒకటి, చేపల వలకి కట్టే సీసం ఒకటి తెచ్చారు. సీసాన్ని సుత్తితో కొట్టి తీగంత లావు చేశారు. నేను మసాలా తూచుకునే చిన్న తక్కెడ మీద రెండిటినీ ఒకే బరువుకి కోశారు. అప్పుడు పక్కపక్కన పెట్టారు. రాగిది పావు వంతు ఎక్కువ పొడుగుంది.

"సూసేవా? రాగి సీసం కన్నా తేలిక. అదే బరువు కావాలంటే పొడుగవ్వాల. పొడుగుదాన్ని తిన్నగా నిలబెట్టాలంటే ఇంకా జోరుగా తిప్పాల. ఆ పాత గొట్టానికి అంత తిప్పుడు నేదు. పొట్టిది ఇచ్చీ."

"బరువు తగ్గితే అంత పెద్ద జంతువుకి చాలుతుందా మావయ్యా?"

"అదిమటుకు నాకు తెల్దు. నీ పట్టికలో ఏటుంది?"

చూశాను. రాగి జంతువు ఒంట్లో ముక్కలవదు, తేలికదైనా లోతుగా దిగుతుందని ఉంది. ఈ పట్టికంతా నేను రెండేళ్ళుగా బట్టీపట్టి చెప్తున్నదే. నెమ్మది మరకి తేలిక గుండే ఎందుకో మాత్రం మా మావయ్య పావుగంటలో నా కళ్ళకి కట్టారు. ఇలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని నేను రోజూ బెండకాయల జోకులు మాత్రమే వింటున్నాను. నిజంగా సిగ్గేసింది.

మర్నాడు మధ్యాహ్నం కాల్. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నాం. తెర మీద ఎరిక్ గారు, వెనక కాఫీ కలుపుతూ ఆయన భార్య, ఒక మూల కెమెరా ఆపుకుని మ తీరి. నేను మొదలుపెట్టాను. సార్, మీ అనుభవం చాలా గొప్పది సార్, మీ ఆలోచన కూడా చాలా మంచిదే సార్, అయితే కొన్ని సందర్భాల్లో సార్... రెండు నిమిషాలు గడిచాయి, విషయం ఇంకా రాలేదు.

పక్కనుంచి మావయ్య మెల్లిగా అన్నారు: "అమ్మా, ముందు బెండకాయ సంగతి సెప్పు. మర్యాద తరవాత."

కళ్ళు మూసుకుని అనేశాను. "నో సార్. నూట ఎనభై మీ రైఫిల్‌కి పనికిరాదు. రాగిలో నూట యాభై తీసుకోండి."

ఆయన తెరకి దగ్గరగా జరిగి అడిగారు. "ఈ సంగతి నీకు పోయిన వారమే తెలుసా?"

"తెలుసు సార్."

"మరి చెప్పలేదేం?"

"మీరు పెద్దవారు కదా సార్."

ఆయన వెనక్కి తిరిగి వాళ్ళావిడకి ఏదో చెప్పారు. ఇద్దరూ పడీపడీ నవ్వారు. "నలభై ఎనిమిదేళ్ళుగా ఈవిడ నాకు రోజూ నో చెప్తూనే ఉంది, నాకేం కాలేదు," అన్నారు. "సరే, సీసానికి వాడిన మందు కొలతే దీనికీ వాడొచ్చా?"

"నో సార్. ఆ రాగి గుండుకి ఇచ్చిన పట్టికే చూడాలి." రెండో నో కొంచెం తేలిగ్గానే వచ్చింది. పక్కన గొంతెవరిదని ఆయన అడిగితే, లేత్ మీద మరలు కోసిన మా మావయ్య కథంతా చెప్పాను.

శనివారం సాయంత్రం ఫోటో వచ్చింది. కాగితం మీద మూడు గుండ్రటి చిల్లులు. మూడిటి మీదా ఒక కాఫీ కప్పు బోర్లిస్తే మూతపడిపోతాయి. ఆయన వేటకి వెళ్తున్నారు. కింద, "లేత్ మాస్టరుకి నా నమస్కారం" అని రాశారు. మావయ్య ఆ లైను నాచేత మూడుసార్లు చదివించుకున్నారు. తర్వాత పబేడాన్ బజారుకి వెళ్ళి నిజం బెండకాయలు తెచ్చి వేపుడు చేయించుకున్నారు.

సోమవారం మ తీరి ఫోన్. ఉద్యోగం అయిపోయిందనుకుని నిలబడే మాట్లాడాను.

"ఆ కాల్ మొత్తం విన్నాను," అంది. "మన టీమ్‌లో అందరూ కస్టమర్లకి తల ఊపేవాళ్ళే. మొహం మీద నో చెప్పగలిగింది నువ్వొక్కదానివే. అందుకే ఇకమీదట మొండి కస్టమర్లందరినీ నీకే ఇస్తున్నాను. ఆదివారాలు కూడా చేయాల్సి వస్తుంది, జీతం మాత్రం ఇప్పుడే పెంచలేం. నీకు ఇబ్బంది అయితే మొహమాటపడకుండా నో చెప్పెయ్."

మావయ్య ఎదురుగా నిలబడి, చెప్పు చెప్పు అని చేత్తో సైగ చేస్తూనే ఉన్నారు.

"అబ్బే, ఇబ్బందేం లేదండీ," అన్నాను.