ఆర్డిస్ తూటా కొలత

మా హోల్ట్ క్రీక్‌లో ఆర్డిస్ ట్వీటెన్ ముందు తల వంచని మగవాడు లేడు. ఊళ్లో జుట్టు కత్తిరించేది ఆవిడ ఒక్కతే మరి. పాస్టరు గారైనా, గోధుమ గిడ్డంగి మేనేజరైనా ఆ ఎర్ర కుర్చీలో కూర్చోవాల్సిందే, కూర్చున్నాక ఆవిడ అనే నాలుగు మాటలూ పడాల్సిందే. ఆ మాటలకి జడిసి పక్క ఊరికి పోయినవాళ్లు ఒకరిద్దరున్నారు. నెల తిరక్కుండా అద్దంలో మొహం చూసుకుని మళ్లీ ఇక్కడికే వచ్చారు.

శనివారం మధ్యాహ్నం మాత్రం షాపు మూత. ఆవేళ ఆర్డిస్ వాళ్ల నాన్న ఇచ్చిపోయిన నలభై ఐదు నంబరు రివాల్వరు పట్టుకుని మా తుపాకీ క్లబ్బుకి వచ్చేది. క్లబ్బంటే ఏదో అనుకునేరు, మూడు రేకుల షెడ్లు, ఒక మట్టికట్ట, అంతే. మిగతా ఆడవాళ్లు తినడానికి ఏదో ఒకటి వండుకొచ్చి కబుర్లాడుకునేవాళ్లు. ఆర్డిస్ రూబార్బ్ అనే పుల్లటి కాడలు కూరి కాల్చిన పిండివంట ఒకటి బల్లమీద పడేసి, మగాళ్ల పక్కన నిలబడి, పాతిక గజాల దూరంలో ఐదు తూటాలని అరచేతిలో పట్టేంత చోటులో దించేది. ఏళ్ల తరబడి అదే వరస. మాకు ఒళ్లు మండేది గానీ, వారం తిరిగేసరికి ఆవిడ చేతిలోనే తల పెట్టాలి కదా, ఏమంటాం.

తూటాలు ఆవిడే పోసుకునేది. టైరు షాపువాళ్లు చక్రాలనించి ఊడబీకిన సీసం ముక్కలు తెచ్చి, కరిగించి, నాన్న అచ్చులో పోసేది. చల్లారాక ఇంత కొవ్వూ మైనమూ కలిపి వేలితో పూసి పేల్చేయడమే. కొలతా గిలతా ఏమీ లేదు.

అదే వెర్లిన్ స్టుఫ్‌కి కంటగింపు. ఆయన హైస్కూల్లో వడ్రంగమూ, లేత్ పనీ నేర్పి రిటైరైన మేష్టారు, మా క్లబ్బు కార్యదర్శి. షెడ్డు గోడకి ఒక నల్లబల్ల తగిలించి, దానిమీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టాడు: బారెల్లోంచి మెత్తటి సీసం ముక్కని తోయి, బయటికొచ్చిన ముక్కని కొలువు, దానికి అంగుళంలో వెయ్యో వంతు కలుపు, అదే నీ తూటా. కొత్తగా చేరినవాడు ముందు ఆ బల్లకి దణ్ణం పెట్టుకోవాలన్నంత పని చేసేవాడు.

ఆ ఏడు ఏప్రిల్లో ఆర్డిస్‌ని పట్టుకున్నాడు. “బారెల్ ఎప్పుడైనా కొలిచావా, ఆర్డిస్?”

“తగులుతుంటే కొలిచి ఏం చెయ్యను మేష్టారూ?”

“తగలడం అదృష్టం. కొలవడం పద్ధతి. మీ నాన్న పద్ధతి లేని మనిషి, నీకూ అదే వచ్చింది.”

నాన్నని అనేసరికి ఆవిడకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంటికెళ్లి సీసం ముక్క తోసింది, కొలిచింది. వెయ్యో వంతుల్లెక్కన నాలుగు వందల యాభై ఒకటి. ఒకటి కలిపితే యాభై రెండు. తూటాని ఆ కొలతకి ఒత్తే ఉక్కు డై తెప్పించుకుంది. పోసిన ప్రతి తూటానీ అందులోంచి దూర్చింది. అన్నీ నిగనిగలాడుతూ, ఒక్క తల్లి బిడ్డల్లా వరసగా నిలబడ్డాయి.

మే నెల మొదటి శనివారం ఐదు పేల్చింది. అరచేయి పోయి భోజనం పళ్లెం అయింది. రెండో శనివారం ఒకటి కాగితానికే తగల్లేదు. బారెల్ లోపల గీరిన కొద్దీ సీసం పెచ్చులు రాలాయి.

అవకాశం దొరికితే ఊరుకుంటామా? మనిషికో మాట అన్నాం. పశువులు పెంచే గేలన్ అయితే, “కాఫీ తగ్గించు ఆర్డిస్, చెయ్యి వణుకుతోంది,” అన్నాడు. అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది. కానీ ఆ మాట తిన్నగా వెళ్లి ఆవిడ గుండెలో దిగబడిందని మాకెవరికీ తెలీదు.

వాళ్లమ్మకి వణుకు జబ్బు. యాభై ఏడో ఏట చిటికెన వేలుతో మొదలైంది. చివరి ఆరేళ్లూ ఆర్డిసే చెంచాతో తినిపించింది, ఎత్తుకుని స్నానానికి తీసుకెళ్లింది. ఇప్పుడు ఆర్డిస్‌కి యాభై ఏడు.

పద్ధతి ప్రకారం తూటా సరిపోయింది. తూటా పేల్చే మందు అదే, తుపాకీ అదే. ఇక మిగిలిందేమిటి, చెయ్యే కదా. పొద్దున్నే వేళ్లు బల్లమీద చాపి చూసుకోవడం మొదలెట్టింది. ఎవరి చెయ్యైనా సరే, అలా గుడ్లప్పగించి చూస్తే వణికినట్టే ఉంటుంది. కప్పు రెండు చేతులా పట్టుకునేది. మెడ వెనక నూగు తీసే మంగలికత్తిని సొరుగులో పెట్టేసి, “పదును పోయిందయ్యా, సానకి పంపాలి,” అని అందరికీ ఒకటే అబద్ధం చెప్పింది. ఇరవై మైళ్ల దూరంలో డాక్టరున్నాడు. ఫోన్ తీసేది, పెట్టేసేది. మొగుడు ఓర్వల్‌తో అయితే ఒక్క ముక్క అనలేదు. ఆయన అసలే మాటకి ముందు రెండుసార్లు ఊపిరి తీసుకునే మనిషి. చెప్తే తట్టుకోలేడనుకుంది.

జూన్లో ఒక ఆదివారం, చర్చి నించి వచ్చాక వంటింటి బల్లమీద రివాల్వరు విప్పి సీసం గీరుతోంది. తూటాలు పట్టే ఆరు బొక్కల సిలిండర్ ఊడదీసి నిలబెట్టింది, ముందు వైపు పైకి వచ్చేలా. గుడ్డ అందుకోబోతుంటే మోచెయ్యి తగిలి పక్కనున్న పెట్టె మీంచి ఒక కొత్త తూటా దొర్లి, సిలిండర్ బొక్కలో పడింది. పడి ఆగలేదు. సర్రున జారి, కింద బల్లకి టంగున తగిలింది.

ఆర్డిస్ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇంకో బొక్కలో వేసింది. మళ్లీ టంగ్. ఆరింటిలోనూ అంతే, వదులు చెప్పుల్లోంచి కాలు జారినట్టు జారిపోతోంది.

లేచి వెళ్లి అలమరా వెనక నించి పాత పొగాకు డబ్బీ తీసింది. డైలో ఒత్తకముందు, ఏప్రిల్‌కి ముందు పోసినవి పదకొండు మిగిలాయి. ఒకటి తీసి బొక్క మీద పెడితే అక్కడే కూర్చుంది. పెన్సిల్ వెనక వైపుతో మెల్లగా నొక్కితే, బుద్ధిగా దిగింది. కొలిస్తే నాలుగు వందల యాభై ఆరు.

తూటా ముందు దాటాల్సింది సిలిండర్ బొక్క, ఆ తర్వాతే బారెల్. వెర్లిన్ బల్ల మీద ఆ మొదటి గుమ్మం ఊసే లేదు. అక్కడ వదులైతే తూటా పక్కల నించి మంట దూరుతుంది, సీసం కరిగి బారెల్‌కి అంటుతుంది, తూటా దాని ఇష్టం వచ్చిన దారి పడుతుంది. ఇంత చిన్న సంగతి. ఆర్డిస్ కుర్చీలో కూలబడింది.

ఎగిరి గంతెయ్యాలి కదా? ఎయ్యలేదు. తొమ్మిది రోజులు ఆ డబ్బీ జోలికి పోలేదు. ఇన్నాళ్లూ తప్పు చేతిదా, వేరేదా అన్న అనుమానమైనా ఉంది. ఈ పాత తూటాలు కూడా చెదిరితే ఇక చెప్పుకోవడానికేమీ మిగలదు. అదీ ఆవిడ భయం.

మంగళవారం, ఎవరూ ఉండరని, క్లబ్బుకి బయల్దేరింది. ఓర్వల్, “నేను నడుపుతాను,” అని పికప్పు ఎక్కాడు. అక్కడికెళ్తే వెర్లిన్ గారు టార్గెట్ చట్రాలకి మేకులు కొడుతూ ప్రత్యక్షం. తిరిగిపోదామా అనుకుంది. ఓర్వల్ అప్పటికే ఇంజను ఆపి పేపరు విప్పాడు.

ఐదు పెట్టుకుంది. పేల్చింది. పొగ పోయాక కాగితం వైపు చూడకుండా రివాల్వరు ఖాళీ చెయ్యడం మొదలెట్టింది. వెర్లినే వెళ్లి చింపుకొచ్చాడు. వస్తూ వస్తూ రెండుసార్లు ఆగి చూశాడు.

“ఇది నువ్వు పేల్చిందేనా?”

“మరి మీ మేకులా?”

ఐదు చిల్లుల్లో నాలుగు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఐదోది పక్కనే, బొటనవేలి దూరంలో. ఆర్డిస్ సిలిండర్ తీసి, రెండు రకాల తూటాలూ బొక్కలో వేసి చూపించింది. మేష్టారు కళ్లజోడు పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తాడు.

“నేను బల్ల రాసింది రైఫిలుకి. దానికి సిలిండర్ ఉండదుగా,” అన్నాడు చివరికి. “ఒక లైను చేర్చాలి.”

“రెండు చేర్చండి. రెండోది మా నాన్న గురించి.”

ఆయన సుద్దముక్క వెతుక్కుంటూ షెడ్డులోకి పోయాడు.

ఆర్డిస్ పికప్పెక్కి, ఆ కాగితాన్ని ఓర్వల్ పేపరు మీద పెట్టింది. ఆయన చిల్లులు లెక్కపెట్టాడు. అప్పుడు చెప్పింది, అమ్మ సంగతీ, కత్తి సంగతీ, చెయ్యకుండా పెట్టేసిన ఫోన్ల సంగతీ, అన్నీ ఒక్క గుక్కలో. “భయమేసింది ఓర్వల్. చచ్చేంత భయమేసింది. నీకు చెప్తే బెంగపడతావని ఊరుకున్నాను.”

ఓర్వల్ ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ తీసుకున్నాడు. “కప్పు రెండు చేతులా పట్టుకుంటున్నావు. మే నెల నించీ,” అన్నాడు. “నేను చూడలేదనుకున్నావా?”

చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆవిడ ఒళ్లో పెట్టాడు. నలిగి మెత్తబడిపోయింది. పెన్సిల్‌తో అంకెలు.

“మీ అమ్మ చక్రాల కుర్చీ తలుపులో పట్టకే కదా నువ్వు ఎత్తుకుపోయేదానివి. నా నడుముతో నిన్ను ఎత్తలేను. అందుకని కొలిచాను.”

స్నానాలగది తలుపు ఇరవై ఆరు అంగుళాలు, కావాల్సింది ముప్ఫై రెండు. వంటింటి గుమ్మం పరవాలేదు. వెనక మెట్లకి వాలుబల్ల, పన్నెండు అడుగులు. అన్నిటికన్నా కింద, ఇంకో వరస ఉంది: మంచం పక్కన నా కుర్చీకి చోటు, రెండు అడుగులు, చెంచా అందేంత దగ్గర.

ఆర్డిస్ ఆ కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఓర్వల్ ఇంజను స్టార్టు చెయ్యకుండా అలాగే కూర్చున్నాడు.