రికార్డులో పడిన దగ్గు

జడ్చర్ల వెంకటరాజం దగ్గు తెలియనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. మనిషికి జబ్బేమీ లేదు. ఆ దగ్గు రికార్డులో పడింది, అంతే.

పుట్టింది సాలెవారింట్లో. మగ్గం గుంటలో కూర్చోవలసినవాడు, నిజాం ఫౌజు బ్యాండు రద్దయ్యాక హైదరాబాదు పాతసామాన్ల బజారుకొచ్చిన శాక్సఫోను చూసి మనసు పారేసుకున్నాడు. ఊళ్లో దాన్ని వంకర సన్నాయి అన్నారు. దాని మీద అప్పగింతల పాట ఊదితే పెళ్లికూతురి మేనత్తలే కాదు, వంటవాళ్లూ కళ్లు తుడుచుకునేవారు. రాజం అక్కడితో ఆపేవాడు కాదు. మగ్గం టకటకలూ, స్టేషన్లో బండి చక్రాల కీచులూ, ఇంకా పేరులేనివేవో అందులో కలిపి ఇష్టమొచ్చిన దారిన పోయేవాడు. నిన్న పోయిన దారిన ఇవాళ పోడు. అతని సంతోషమంతా అందులోనే ఉండేది.

1956లో రికార్డుల కంపెనీవాడొకాయన ఒక పెళ్లిలో విని, పట్నంలో స్టూడియోకు పిలిపించాడు. గాలాడని గది, అద్దం వెనక మనుషులు, ఎర్ర బల్బు. రాజం అప్పగింతల పాట ఊది, తన దారికి మళ్లబోతూ గొంతెండి దగ్గాడు. వెంటనే తేరుకుని మిగతాది ఊదేశాడు.

"జర మళ్లొక్కసారి ఊదుత సారు. నడుమ దగ్గొచ్చింది," అన్నాడు.

"ఏం కాదు, ఎవరు వింటరు లేవయ్యా," అని కంపెనీ ఆయన తర్వాతివాళ్లను పిలిచాడు.

అందరూ విన్నారు. హోటళ్లలో, పెళ్లిపందిళ్లలో, మైకుసెట్టు ఐలేశం ఆ రికార్డు అరిగేదాకా వేశాడు. రాజానికి పేరొచ్చింది, పేరు వెంట సంకెళ్లూ వచ్చాయి. కేతేపల్లి పెళ్లిలో ఇలా కొత్త దారి పట్టాడో లేదో, పెళ్లిపెద్ద కాటమయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"గట్ల కాదు రాజం. రికార్డుల ఉన్నట్టు వాయించు."

"గది అయిపోయింది గదా పటేలా. ఇది ఇయ్యాల్టిది."

"ఇయ్యాల్టిది మాకెందుకు? ఆడ నువ్వు దగ్గుతవు. మా పిల్లలు దానికోసమే కూసున్నరు. దగ్గు."

దగ్గాడు. ఆనాటి నుంచి పెళ్లి పెళ్లికీ దగ్గుతూనే ఉన్నాడు. గానుగెద్దు కూడా రాత్రికి కొట్టంలో పడుకుంటుంది. రాజం మాత్రం కలలోనూ అదే పాట ఊదేవాడు. తన ఊపిరి తననే కట్టేసిందని కుమిలిపోయేవాడు.

అతనికి ఒకటే కోరిక మిగిలింది. కూతురు యాదలక్ష్మి అప్పగింతల నాడు ఎవరూ వినని పాట ఊదాలి. అయితే బిడ్డ చేతిని పాలలో ముంచి అత్తవారి చేతుల్లో పెట్టవలసింది తండ్రే. శాక్సఫోనుకేమో రెండు చేతులూ కావాలి. ఆ పని తన అన్న దశరథాన్ని చేయమన్నాడు.

భార్య సుభద్రమ్మ మండిపడింది. "బిడ్డ చెయ్యి ఇడిసిపెట్టి గా బాజా పట్టుకుంటవా?"

"జర ఊకో. దానికి చెప్పేటిది నాకు మాటలతోని రాదు. గిట్లనే చెప్పుకుంట."

పెళ్లినాడు దశరథం బిడ్డ చెయ్యి పట్టుకోగానే రాజం కళ్లు మూసుకుని ఊదాడు. యాదలక్ష్మి మగ్గం కింద ఆడుకున్న రోజులన్నీ అందులోకి వచ్చాయి. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. అతను లెక్కచేయలేదు. ఇన్నేళ్లకు ఊపిరి ఆడుతోంది.

"బాపూ," అంది యాదలక్ష్మి వెక్కుతూ, "గిది గాదు. రికార్డుల పాట ఊదు. చిన్నప్పటి సంది నా లగ్గంల గదే వినాలనుకున్న."

పటేళ్లతోనైనా వాదించవచ్చు. అత్తారింటికి పోయే బిడ్డతో ఏం వాదిస్తాడు? చెయ్యీ పట్టుకోలేదు, పాటా దక్కలేదు. రెంటికీ చెడ్డ రేవడయ్యాడు. ఉన్నపాటున ఆపి, పాత పాట అందుకున్నాడు.

ఆ చోటు రానే వచ్చింది. దగ్గాలన్న సంగతే అతనికి గుర్తులేదు. ఏడుపు తన్నుకొచ్చి, దగ్గులాగే బయటపడింది.

"అచ్చం రికార్డే," అన్నాడు ఐలేశం.

పందిరంతా నవ్వింది. కన్నీళ్లలోనే యాదలక్ష్మీ నవ్వింది. రాజం తేరుకుని మిగతాది ఊదేశాడు.