పులివెందుల ఆపిల్ జమ్మలమడుగు విందుకెక్కిన రోజు

విజయవాడలో మా ఆఫీసులో నా పక్క సీటు సునీతది. వాళ్ళ ఊరు కడప జిల్లా వేంపల్లె. మే నెలాఖరులో సెలవు మీద ఊరికి వెళ్ళొచ్చి, మధ్యాహ్నం భోజనాల దగ్గర రెండు కాయలు నా ముందుకు తోసింది. పచ్చగా ఉన్నాయి, ఒక పక్క మాత్రం కుంకుమ పులిమినట్టు ఎర్రగా. జామకాయలనుకున్నాను. "ఆపిల్. పులివెందుల దగ్గర కాసినవి" అంది. నవ్వేశాను. ఆ ఎండలకు చీనీ, అదే మన బత్తాయి, కాస్తుంది, అరటి కాస్తుంది, ఆపిల్ ఎక్కడ కాస్తుంది? సరే కదా అని కొరికాను. ఠప్పుమని విరిగింది. ముందు గట్టి పులుపు, దాని వెనకాలే సన్నటి తీపి. మా చిన్నప్పుడు ఇంట్లోకి ఆపిల్ వచ్చిందంటే ఎవరికో జ్వరం తగిలిందని లెక్క. మెత్తగా, పిండి పిండిగా, మందుల వాసన మధ్య తినే పండు అది. దానికీ ఈ కాయకూ పోలికే లేదు. ఆ వారం చివర్లోనే వెళ్ళి చెట్టు మీద చూడాలని సునీతతో ఆ తోట వాళ్ళకు ఫోన్ చేయించాను.

గురువారం రాత్రి రైలెక్కి, శుక్రవారం పొద్దున కడపలో దిగాను. అక్కడి నుంచి వేంపల్లె మీదుగా పులివెందులకు బస్సులు వరసగానే ఉంటాయి, రెండు గంటల ప్రయాణం. ఆడవాళ్ళయితే ఆధార్ కార్డు చేతిలో పెట్టుకోండి, ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో కూడా సున్నా టికెట్టు ఇస్తారు. పులివెందుల నుంచి షేర్ ఆటోలో ముప్పై రూపాయలిచ్చి ఒక పల్లెకు చేరాను. ఆ తోట వాళ్ళు, ఓబులమ్మ, ఆమె భర్త మల్లేశప్ప, అక్కడే ఉంటారు. తరతరాలుగా గొర్రెలు మేపుకున్న కుటుంబం. ఇప్పటికీ ఇంటి వెనక దొడ్డిలో గొర్రెలున్నాయి గానీ, బతుకు ఎక్కువగా చీనీ తోట మీదే. ఓబులమ్మకు నలభై ఐదేళ్ళుంటాయేమో. మాట గట్టి, నవ్వు అంతకన్నా గట్టి. నన్ను గుమ్మంలోనే ఆపి, "అంత దూరం నుంచి కాయలు సూడనీకి వచ్చినావా? శానా పిచ్చిదానివే నువ్వు!" అంది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను.

చలి అంతగా అక్కర్లేని ఆపిల్ రకాలు వచ్చాయని ఫోన్లో చూసి, చీనీ చెట్లు ఎండిపోయిన చోట మూడేళ్ళ కిందట నలభై అంట్లు తెప్పించి నాటిందట ఆమె. ఊరంతా నవ్వింది. మల్లేశప్ప నవ్వలేదు గానీ, మొదటి నుంచీ ఇష్టపడలేదు. శనివారం తెల్లవారుజామున తోటలో కాయలు కోస్తుండగా ఆయన నాతోనే చెప్పాడు. "బోర్లో నీళ్ళు తక్కువుండాయమ్మా. ఉన్నెవి ఈటికి పెడితే చీనీకి సాలవు. ఈ పొద్దు ప్రొద్దుటూర్లో ఎవురన్నా కొంటే సరే. కొనకపాయనా, పెరికేసి అరిటి పెడతా. ఓబులమ్మ గూడ ఒప్పుకున్నెదే ఈ మాట." ఓబులమ్మ పక్క చెట్టు దగ్గరే ఉంది. వినపడనట్టు కాయలు కోస్తూనే ఉంది. గుర్తుపెట్టుకోండి, ఆపిల్‌ని లాగి పీకకూడదు. అరచేతిలోకి తీసుకుని పైకెత్తి కొంచెం తిప్పితే తొడిమతో సహా ఊడి వస్తుంది. ఆమె చేయి పట్టుకుని నేర్పించింది. మొదటి కాయ నా చేతిలోకి ఊడి వచ్చినప్పుడు నేను పెట్టిన కేకకు దొడ్డిలో గొర్రెలు అరిచాయి. రాయలసీమ నేల మీద నిలబడి ఆపిల్ కోస్తున్నాను! ఫోటోలు తీయడం కూడా మర్చిపోయాను.

ఆరు పెట్టెలు నిండాయి. ఏడు గంటలకల్లా లగేజీ ఆటో వచ్చింది. డ్రైవరు శీనప్ప పెట్టెల్లోకి తొంగి చూసి, "ఏంది అత్తా, నిజంగా ఆపిలేనా? నేను రేగ్గాయలనుకున్నెనే" అన్నాడు. "రేగ్గాయలంట! నోరు ముయ్యి, గుంతల్లో మెల్లగా పోనీ. ఒక్క కాయ నలిగినా నీ బాడుగ ఇయ్యను" అంది ఓబులమ్మ. మల్లేశప్ప గొర్రెల కోసం ఊళ్ళోనే ఉండిపోయాడు. ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరుకు రెండు గంటలు దాటింది. బాడుగ ఇద్దరం పంచుకున్నాం. మీరు బస్సులో వెళ్తే నేరుగా వెళ్ళేవి తక్కువ కాబట్టి ముద్దనూరులో మారడం సుఖం. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళ గుట్టలు, సిమెంటు లారీల దుమ్ము. పెన్న వంతెన ఎక్కేసరికి ఎండ చురుక్కుమంటోంది. దారి పొడుగునా ఓబులమ్మ ఒక పెట్టె మీద చేయి వేసుకుని కూర్చుంది. ఎక్కడో మధ్యలో నాతో, "అంగట్లో ఎర్రగుడ్డ మింద గోపురం మాదిరి పేరుస్తారు సూడు ఆపిల్లు. మావి గూడ అట్ల పేర్చి సూడల్ల" అంది.

ప్రొద్దుటూరు అంటే అందరికీ బంగారం కొట్లే గుర్తొస్తాయి. నాకు మాత్రం పళ్ళ అంగళ్ళ వరుసే నచ్చింది. బాషా భాయ్ అనే పెద్దాయన కొట్టు ముందు పెట్టెలు దించాం. ఆయన ఒక కాయ తీసి, లుంగీకి తుడిచి, కొరికి, చాలాసేపు నమిలాడు. మేమిద్దరం ఆయన నోటి వైపే చూస్తున్నాం.

"కాయ బాగుంది. కరకరమంటాంది. కానీ రంగేదక్కా?" అన్నాడు. తన కొట్లో పేర్చిన ఎర్రటి కాశ్మీరు పళ్ళ వైపు చేయి చూపించాడు. "మనోళ్ళు ఆపిలు నాలికతో కొనరు, కంటితో కొంటారు. ఆస్పత్రికి పోయేటోళ్ళు కొంటారు. నిశ్చితార్థం పళ్ళేల్లోకి కొంటారు. లీడర్లు వస్తే క్రేనుకు కట్టి దండేస్తారు. అన్నింటికీ ఎరుపే కావాల. పుల్లటి పచ్చకాయ తీస్కపోయి పేషెంటు చేతిలో పెడితే వాడు లేచి తంతాడు."

నేను నవ్వాను. ఓబులమ్మ నవ్వలేదు. "ఒక పెట్టె పెట్టుకో అన్నా. అమ్ముడుపోకుంటే నేనే ఎత్తకపోతా" అంది. ఆయన మంచివాడు, కొట్టు మెట్టు మీద చోటిచ్చాడు. అక్కడ ఎర్రగుడ్డ లేదు, గోపురమూ లేదు. ఓబులమ్మ కత్తి తీసుకుని కాయలు ముక్కలు కోసి వచ్చేపోయేవాళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టింది. నేనూ గొంతు చించుకుని "పులివెందుల ఆపిల్! తిని చూడండి!" అని అరిచాను. నా కోస్తా యాసకు జనం ఆగారు, తిన్నారు, "పుల్లగుంది" అని నవ్వుతూ వెళ్ళిపోయారు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఓబులమ్మ ముక్కలు కోయడం ఆపేసింది. "పెరికేస్తాడు. అన్నెడంటే సేస్తాడు ఆ మనిసి" అంది మెల్లగా. పొద్దున నేను పెట్టిన కేకలు గుర్తొచ్చి సిగ్గేసింది.

అప్పుడు వచ్చింది సలోమమ్మ. తెల్లచీర, చేతిలో రెండు గోనెసంచులు, భారీ మనిషి. జమ్మలమడుగులో పెళ్ళిళ్ళకీ చర్చి విందులకీ వంట చేస్తుందని బాషా భాయ్ పలకరింపుతో తెలిసింది. సాయంత్రం వాళ్ళ చర్చిలో కృతజ్ఞత కూడిక, తర్వాత మూడు వందల మందికి ప్రేమవిందు. పప్పులోకి మామిడికాయలు కావాలని వచ్చింది. "యాడ తిరిగినా పండ్లే ఉండాయి భాయ్, గట్టి కాయ ఒక్కటి ల్యా" అని అంటూనే, ఓబులమ్మ ముందున్న పళ్ళెంలోంచి అలవోకగా ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమలడం ఆపింది. ఇంకో ముక్క తీసుకుంది. ఉప్పు అడిగి, అద్దుకుని మూడోది తిన్నది.

"ఏం కాయమ్మే ఇది? ఎన్నుండాయి?"

"ఆరు పెట్టెలు. ఆపిల్లు. మా తోటవి" అంది ఓబులమ్మ.

"అన్నీ ఎత్తు. పప్పులోకీ, ఊరిబిండిలోకీ ఏస్తా." ఊరిబిండి అంటే అక్కడి రోటి పచ్చడి.

నేను ఎగిరి గంతేయబోయాను. కానీ ఓబులమ్మ పెట్టె మీద చేయి అడ్డం పెట్టింది. ఆమె ముఖం ఎర్రబడింది. "పప్పులోకా? మూడేండ్లు బిడ్డను సాకినట్టు సాకినా. ఎండకు గోనెపట్టలు కట్టినా. కోతుల్ని తోలనీకి చెట్ల కిందనే పండుకున్నె. పప్పులో ఏసి మెదిపేదానికా?"

సలోమమ్మకు కోపం రాలేదు. గోనెసంచులు కింద పెట్టి మెట్టు మీద ఆమె పక్కనే కూర్చుంది. "పప్పంటే సులకనగా సూడాకు తల్లీ. మామిడికాయకు మా ఇండ్లల్లో అంత పేరు యాడిది? పప్పులోకి వచ్చినంకనే గదా వచ్చింది! ఏడాదికొకసారి కోసుకుని తినే పండు కంటే, దినాం కుండలోకి వచ్చే కాయే మనది" అంది.

ఓబులమ్మ పెట్టె మీద నుంచి చేయి తీసింది. తర్వాత రెండు షరతులు పెట్టింది. ఒకటి, ఇది ఏ కాయతో చేసిన పప్పో వడ్డించేటప్పుడు అందరికీ చెప్పాలి, మామిడికాయ అనుకుని తినిపోతే ఒప్పుకోదు. రెండు, ఒక పెట్టె వండకుండా ముక్కలుగానే పెట్టాలి. సలోమమ్మ ఆమె చేతిలో చేయి వేసి, "నువ్వే వచ్చి పెట్టు, పా" అంది. బాషా భాయ్ ఇచ్చిన నిమ్మకాయ సోడాలు తాగి, శీనప్ప ఆటోలో ముగ్గురం జమ్మలమడుగు బయలుదేరాం. ముప్పావుగంట దారి. గండికోటకు వెళ్ళేవాళ్ళు దిగే ఊరు అదే. నేను గండికోట వైపు తల కూడా తిప్పలేదు.

చర్చి వెనక రేకుల షెడ్డులో నాలుగు పెద్ద పొయ్యిలు. సలోమమ్మ చెప్పిన పద్ధతి మీ కోసం రాస్తున్నాను. కందిపప్పు ముప్పాతిక ఉడికాకనే ఆపిల్ ముక్కలు తొక్కతో సహా వేయాలి, ముందే వేస్తే కరిగి తీపెక్కుతాయి. పచ్చిమిరపకాయలు కాస్త ఎక్కువే పడాలి. చివర్లో వెల్లుల్లి, ఎండుమిరపకాయల తాలింపు. ఊరిబిండి ఇంకా సులువు. వేయించిన పల్లీలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు రోట్లో దంచి, ఆఖర్న పచ్చి ఆపిల్ ముక్కలు వేసి రెండు పోట్లు వేస్తే చాలు. వేడి రాగిసంగటి ముద్దలో గుంత చేసి, నెయ్యి పోసి, నాకు మొదటి ముద్ద పెట్టారు. కారం మంట, పల్లీ కమ్మదనం, వాటి మధ్య కరకరలాడే పులుపు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొంత కారానికి, ఎక్కువ సంతోషానికి!

ఆరున్నరకు కూడిక మొదలైంది. పాటలయ్యాక జనం విస్తళ్ళ ముందు కూర్చున్నారు. పాస్టరుగారు మైకు తీసుకుని, "ఈ పూట పప్పు పులివెందుల ఆపిల్లతో చేసింది. మొదటి పంట" అన్నారు. వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. ఓబులమ్మ షెడ్డులోనే గుంజ చాటున నిలబడిపోయింది. నేను జగ్గుతో నీళ్ళు పోస్తూ వరసలో ముఖాలే చూస్తున్నాను. ఒకావిడ వేలికొసతో నాకి చూసి, పక్కావిడను మోచేత్తో పొడిచింది. ఇంకొకాయన మాట్లాడకుండా విస్తరి తుడిచేశాడు. "మామా, ఆ పప్పు ఇట్ల రానీ!" అని ఒక కేక, వెంటనే అటు నుంచి ఇంకొకటి. పచ్చి ముక్కల పళ్ళెంలో ఎవరో ఉప్పూకారం చల్లారు. అంతే, పళ్ళెం వరస చివరి దాకా వెళ్ళనే లేదు, మధ్యలోనే ఖాళీ! రెండు పప్పు గుండిగలు మాకు మిగలకుండా అయిపోయాయి.

సలోమమ్మ లోపలికి వెళ్ళి ఓబులమ్మను చేయి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "ఈమెవే కాయలు!" ఓబులమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని తల వంచుకుంది. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. అంట్లు యాడ దొరుకుతాయి, నీళ్ళు ఎన్నాళ్ళకొకసారి పెట్టాల, కోతులు రావా? మొదట గొణుగుతున్నట్టు చెప్పిన మనిషి, కాసేపటికి చేతులు తిప్పుతూ గొంతెత్తి చెబుతోంది. సలోమమ్మ వచ్చే ఏడాది పెళ్ళిళ్ళకు కాయలన్నీ తనకే కావాలని అందరి ముందూ చెప్పేసింది. బాషా భాయ్‌కి నేనే ఫోన్ చేసి ఉప్పూకారం సంగతి చెప్పాను. "అట్లయితే కోసి అమ్ముదాంలే, వచ్చే కోతకు రెండు పెట్టెలు నాకు" అన్నాడాయన.

ఆటో ఎక్కే ముందు ఓబులమ్మ ఇంటికి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టుకుని మాట్లాడటం ఆమె అలవాటు, నాకూ వినిపించింది.

"ఏమాయనే? కొన్నెరా?"

"తిన్నెరు. మూడు నూర్ల మంది కూచ్చోని తిన్నెరు. ఇంగా కావాలని కేకలేసినారు. నువ్వు రాకపోతివి."

అవతల గొర్రెలు అరుస్తున్నాయి.

"సరే, రేపటికి బోరు యా పక్క తిప్పల్ల చెప్పు" అన్నాడు మల్లేశప్ప.

ఓబులమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆపిల్ చెట్ల పక్కకే అన్నా" అని నేనే చెప్పాను.

తిరుగు రైల్లో ఆలోచిస్తుంటే ఒకటే అనిపించింది. ఒక పండు ఒక ఊరిదవడానికి నేల ఒప్పుకుంటే సరిపోదు, ఆ ఊరి నోరు కూడా ఒప్పుకోవాలి. చలిదేశాల పండు కడప ఎండలో కాయడం గొప్పే. కానీ దాన్ని సంగటి పక్కన పెట్టుకుని, ఉప్పూకారం అద్దుకుని, ఇంకొంచెం వెయ్యమని అరిచిన ఆ జనం నాకు ఇంకా పెద్ద వింతగా అనిపించారు. మీరూ వెళ్ళాలనుకుంటే ఒక్క మాట: ఈ కాయలు జూన్ సగం దాటితే చెట్టు మీద దొరకవు, ఎండకు మెత్తబడతాయి. కాబట్టి మే చివర్లో, ముందు రోజే రైతుకు ఫోన్ చేసి, తెల్లారేసరికి తోటలో ఉండేలా పులివెందులలోనే రాత్రి బస పెట్టుకోండి.